పదో నంబరు

కంప్యూటర్లో సీక్ అని ఒక కమాండ్ ఉంది. ఎస్, ఇ, క్యూ, మూడే అక్షరాలు. దాని పక్కన ఒకటి, పది అని రాసి ఎంటర్ నొక్కితే ఒకటి నుంచి పది దాకా అంకెలు ఒకదాని కింద ఒకటి తెర మీద పడతాయి. అంతే, దానికి ఇంకో విద్య రాదు. పది అడిగినా పది లక్షలు అడిగినా విసుక్కోదు. ఫైళ్లు చెరపదు, ఎవరి జోలికీ పోదు. నాకు తెలిసిన కమాండ్లన్నిట్లో ఇంత అమాయకమైనది మరొకటి లేదు. అలాంటి దాన్ని పట్టుకుని ఒక మనిషి కుర్చీ లాగేసి, ఇంకో మనిషి చెరుకు ఎండబెట్టిన ఘనత నాది. ఈ సంగతి ఇన్నేళ్లూ ఇంట్లో కూడా చెప్పలేదు. సిగ్గు తప్ప వేరే కారణం లేదు.

మాది నిజామాబాద్. మా అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ బీడీలు చుట్టి మమ్మల్ని పెంచింది. నేను ఇంటర్ ఒకసారి తప్పి, మళ్లీ రాసి గట్టెక్కి, బస్టాండు దగ్గర ఒక మేడ మీద నడిచే కంప్యూటర్ కోర్సులో చేరాను. తొంభైల చివరి మాట ఇది. ఆ మేడ మీద మగపిల్లల మధ్య నేనొక్కదాన్నే ఆడపిల్లను. మూడు నెలలు తిరగకుండానే వాళ్లు తమ ప్రోగ్రాముల్లో తప్పులు వెతికిపెట్టమని నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. దాంతో నాకు నెత్తి మీద కొమ్ములు మొలిచాయి. అవ్వ కూడా అంది, "తెలివి ఉంటే ఉండనీ, నోరు జెర తగ్గించుకో" అని. తగ్గించుకోలేదు.

కోర్సు అయిపోయిన వానాకాలంలోనే ఉద్యోగం దొరికింది. బోధన్ దగ్గర ఒక చక్కెర మిల్లు వాళ్లు చెరుకు ఆఫీసుకు ఆపరేటర్ కావాలన్నారు. బోధన్ అనగానే అందరికీ గుర్తొచ్చే పెద్ద ఫ్యాక్టరీ కాదు. ఊరి బయట, రెంజల్ వైపు పోయే దారిలో ఉండే చిన్న మిల్లు. ఇప్పుడు దాని పొగగొట్టం కూడా లేదు. రోజూ పొద్దున్నే నిజామాబాద్‌లో బస్సెక్కి, సీటు దొరికితే నిద్రపోయి, దొరక్కపోతే కండక్టర్‌తో పోట్లాడి, తొమ్మిదింటికల్లా అక్కడ ఉండేదాన్ని.

చెరుకు ఆఫీసంటే రెండు గదులు. మిల్లు చుట్టుపక్కల ఊళ్ల రైతుల్లో ఎవరి చెరుకు ఏ రోజు కొట్టాలి, ఏ రోజు మిల్లుకు తేవాలి అన్నది అక్కడ తేలుతుంది. ముందు నాటినవాళ్లకు ముందు వంతు. ఒక్కో బండికి ఒక్కో కోత చీటీ ఇస్తారు, దాని మీద నంబరు ఉంటుంది. రోజుకు నలభై బండ్లు. సీజన్ మొత్తానికి నాలుగు వేల చీటీలు. ఆ నంబర్లు వేసే మనిషి ఒకాయన ఉండేవాడు. నేను ఆయన్ని సార్ అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. యాభై అయిదు దాటిన వయసు, తెల్లని చొక్కా, జేబులో చిన్న బైబిలు. డిచ్‌పల్లిలో ఇల్లు. మిషన్ ఆస్పత్రిలో భార్య వంట చేసేదని చెప్పేవాడు.

ఆయన దగ్గర ఒక నంబర్ల మిషన్ ఉండేది. ఇనుపది, పిడికిలంత ఉంటుంది, పైన పిడి. కాగితం మీద పెట్టి పిడి నొక్కితే నీలం సిరాతో నంబరు పడుతుంది, లోపల అంకెల చక్రం తనంతట తానే తర్వాతి నంబరుకు తిరుగుతుంది. దసరా ముందు నుంచి దీపావళి దాకా ఆయన పొద్దంతా అదే పని చేసేవాడట. టక్, టక్ అని చప్పుడు. నాలుగు వేల సార్లు. కుడి అరచేతి మధ్యలో కాయ కాసి ఉండేది. నేను చేరిన కొత్తలో ఆ కాయను చూసి జాలిపడ్డాను. తర్వాత నవ్వాను. నవ్వింది ఎక్కువ.

మిల్లుకు కంప్యూటర్ వచ్చింది. హైదరాబాద్ నుంచి ఒకతను వచ్చి లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, రెండు రోజులుండి పోయాడు. పక్కనే పెద్ద ప్రింటర్, మడతలు మడతలుగా కాగితం. మేనేజర్ వచ్చి, "మరి చీటీల నంబర్లు ఇది వేస్తుందా అమ్మా" అని అడిగాడు. నేను కుర్చీ జరుపుకుని, సీక్ రాసి, ఒకటి, నాలుగు వేలు అని నొక్కాను. తెర మీద అంకెలు పరుగెత్తి, చివర నాలుగు వేల దగ్గర ఆగాయి. లెక్కపెట్టేంత సేపు కూడా పట్టలేదు. ఊళ్లల్లో చెరుకు తోటలు చూసే ఫీల్డ్‌మెన్ గుంపుగా వచ్చి చూశారు. మళ్లీ చేయమన్నారు. ఈసారి ముందు సున్నాలు చేర్చి, అన్ని నంబర్లూ ఒకే వెడల్పుతో వచ్చేలా చేసి చూపించాను. సొంత పెళ్లిలో కూడా అంత మంది నా వైపు అలా చూడలేదు.

సారు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. అందరూ పోయాక దగ్గరికొచ్చి తెర మీద వేలు పెట్టకుండా, కొంచెం దూరంలో ఆపి, పైకీ కిందికీ చూశాడు.

"మంచిగుంది బిడ్డా. మరి నడుమల ఒకటి ఇడిసిపెట్టుమంటే ఇడుస్తదా?"

"ఎందుకు ఇడువాలె సార్? గది మిషను. తప్పు చెయ్యది."

"తప్పు గాదు. ఇడిసిపెట్టుడు," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకుందామనీ అనిపించలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఉంది నా పరిస్థితి. ఆ రోజు ఇంకా ఎవరికి చూపిద్దామా అని నా ధ్యాసంతా అక్కడే ఉంది.

ఆయన కుర్చీ వెనక గోడకు ఒక కాగితం మేకుకు గుచ్చి ఉండేది. పాత ఫారం వెనకవైపు. దాని నిండా నీలం నంబర్లు. పది, ఇరవై, ముప్పై, నలభై, అలా వరసగా. చేరిన రోజు నుంచీ చూస్తున్నాను. చిత్తు కాగితమనుకున్నాను. "పదుల మీద మీకేం పగ సార్, అన్నిటిని గోడకు గొట్టిండ్రు" అని ఒకసారి ఎగతాళి కూడా చేశాను. ఆయన నవ్వాడు. సీక్ చూపించిన మర్నాడు మధ్యాహ్నం, అన్నం తిన్నాక, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ కాగితం సంగతి చెప్పాడు. ఇప్పుడు నేను రాసేది ఆ రోజు ఆయన చెప్పిందే. ఆ రోజు మాత్రం నేను సగం కూడా వినలేదు.

నేను రావడానికి చాలా ఏళ్ల ముందు మిల్లు గేటు దగ్గర వంతుల కోసం కొట్లాటలు జరిగేవట. పలుకుబడి ఉన్నవాడి బండి ముందుకు, లేనివాడిది వెనక్కి. ఒక సీజన్లో తలలు పగిలాయి. అప్పుడు ఊళ్ల పెద్దలు, మిల్లు వాళ్లు కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నారు. నంబరు లేని బండి గేటు దాటదు. ఓనర్ బామ్మర్దిదైనా సరే. అది బాగానే నడిచింది, ఒక చేనుకు నిప్పంటుకునే దాకా. కరెంటు తీగల రవ్వలు పడో, ఎవడైనా తాగిపారేసిన బీడీతోనో చెరుకు తోట అంటుకోవడం అక్కడ ప్రతి ఏడూ ఉండేదే. కాలిన చెరుకును రెండు మూడు రోజుల్లో ఆడేయాలి. లేకపోతే రసం పాడవుతుంది, బరువు పడిపోతుంది, మిల్లు తీసుకోదు. కానీ నంబరు లేనిదే గేటు దాటనివ్వరు గదా. అందుకని మళ్లీ కూర్చుని ఇంకో కట్టుబాటు చేశారు. ప్రతి పదో నంబరు ఎవరికీ ఇవ్వకూడదు. అది ఆపదలో ఉన్నవాడిది. చేను కాలినవాడికి, కోత మొదలయ్యాక ఇంట్లో చావు జరిగినవాడికి ఆ నంబరు. రోజుకు నాలుగు. ఆ రోజు ఎవరికీ అవసరం రాకపోతే, మర్నాటి వాళ్లలో ఎవరు ముందొస్తే వాళ్లను లోపలికి పిలుస్తారు.

నంబర్ల మిషన్‌కు దాటవేయడం రాదు. నొక్కితేనే చక్రం కదులుతుంది. అందుకని సారు తొమ్మిది చీటీల మీద కొట్టి, పదోది ఆ పాత ఫారం మీద కొట్టేవాడు. గోడ మీది కాగితం ఆపదల జాబితా. ఒక్కొక్కటీ ఇచ్చినప్పుడు దాని పక్కన పెన్సిలుతో పేరు రాసేవాడు.

ఇదంతా ఆయన ఓపిగ్గా చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నేను ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం వైపు చూస్తూ ఊఁ కొడుతున్నాను. చెప్పడం అయ్యాక తన రిజిస్టర్ ముందుకు జరిపాడు. ఆయనకు ఆ అలవాటుండేది, ఎవరికేం చెప్పినా, ఎవరికేం ఇచ్చినా రిజిస్టర్లో రాసి సంతకం తీసుకునేవాడు. గుమాస్తాల్లో పెద్ద జోక్ అది. చాయ్ తెప్పించినా రాస్తాడనేవాళ్లు.

"గీడ దస్కత్ పెట్టు బిడ్డా. చెప్పినట్టు యాదికుంటది."

చదవకుండా పెట్టాను. పైన మూలన ఆ ఆకు నంబరు, నలభై ఏడు, నీలం సిరాతో కాస్త వంకరగా పడి ఉంది. ఆయన రిజిస్టర్ల ప్రతి ఆకుకూ ముందే నంబరు కొట్టుకునేవాడు. "సార్, గిది జారింది" అన్నాను. ఆయన చూసి, అవునన్నట్టు తలూపాడు. ఆ మధ్యాహ్నం నేను శ్రద్ధగా చూసింది ఆ ఒక్క వంకర అంకెనే.

సీక్‌కు మూడు సంఖ్యలు కూడా ఇవ్వచ్చు. మొదటిది ఎక్కడ మొదలవ్వాలో, చివరిది ఎక్కడ ఆగాలో, మధ్యది ఎంతెంత దూరం అడుగు వేయాలో. పది, పది, నాలుగు వేలు అని ఇస్తే గోడ మీది కాగితం మొత్తం ఒక్క వరసలో వచ్చేస్తుంది. సున్నాతో ముగిసే నంబర్లను వదిలేసి మిగతావి ఇమ్మనడానికి పక్కన ఇంకో చిన్న ముక్క చేర్చాలి, అంతే. నాకది రాక కాదు. మేడ మీది మగపిల్లలకు నేనే నేర్పాను. ఇదే నన్ను ఎక్కువ తినేది. చేతకాక చెయ్యకపోయుంటే ఇంత సిగ్గు ఉండేది కాదు.

ఒకటి నుంచి నాలుగు వేల దాకా అన్నీ అచ్చు కొట్టాను. అన్నీ రైతులకు పోయాయి. మేనేజర్ కూడా సంతోషపడ్డాడు, ఈ ఏడు ఎక్కువ మందికి చీటీలు అందాయని. గోడ మీది కాగితం పోయిన ఏడాదిదే అలాగే వేలాడుతూ ఉంది. సారు రెండుసార్లు నా బల్ల దగ్గరికొచ్చి, "పదులు ఇడిసినవ్ గదా బిడ్డా" అని అడిగాడు. మొదటిసారి "ఆఁ" అన్నాను. రెండోసారి తల కూడా ఎత్తకుండా, "అన్ని చూసుకున్న సార్, మీరు పరేషాన్ గాకుండ్రి" అన్నాను. నంబర్ల మిషన్ బీరువాలోకి పోయింది. ఆయనకు చీటీలు పంచే పని మిగిలింది, అదీ ఊళ్లల్లో ఫీల్డ్‌మెనే పంచేశారు. పని లేని మనిషి రోజంతా ఎదురుగా కూర్చుంటే చూడడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. అందుకే నేను అటువైపు చూడడం మానేశాను.

సీజన్ మొదలై నెల దాటింది. ఒక పొద్దున నేను బస్సు దిగి వచ్చేసరికి ఆఫీసు మెట్ల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి. చీర అంచుకు మసి, చేతులకు మసి. రెంజల్ దగ్గరి ఊరు. మొగుడు లేడు, ఉన్నది రెండెకరాలు, రెండెకరాలూ చెరుకే. ముందురోజు మధ్యాహ్నం తీగలు రాసుకుని నిప్పు పడిందట. మరాఠ్వాడా నుంచి వచ్చిన కోత ముఠా వాళ్లను బతిమాలి, పొద్దు గూకేలోపు అయినంత కొట్టించి, రెండు ట్రాక్టర్లకు ఎత్తించి, గేటు దగ్గరికి తెచ్చింది.

"సారూ, నా చెరుకు కాలింది. పదో నంబరు ఇయ్యుండ్రి," అంది సారుతో. అందులో బతిమాలడం లేదు. హక్కున్నదాన్ని అడిగినట్టు అడిగింది.

సారు గోడ వైపు తిరిగాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఈ దినం పదులెన్ని ఉన్నయ్ బిడ్డా?"

నేను లెడ్జర్ తిప్పుతున్నట్టు నటించాను. ఆయన నా దగ్గరికొచ్చి, ప్రింటు తీసిన కాగితం మీద వేలితో వెతుక్కున్నాడు. ఆ రోజు పదులు నాలుగూ ఎవరెవరి పేర్ల మీదో ఉన్నాయి. మర్నాటివీ ఉన్నాయి. సీజన్ చివరిదాకా అన్నీ ఉన్నాయి.

సారు గేటు దగ్గరికి పరుగెత్తాడు. పదో నంబరు పట్టుకుని వరసలో ఉన్న రైతుల్ని అడిగాడు, ఒక్కరోజు ఆగండి అని. వాళ్ల తప్పూ లేదు. కొట్టిన చెరుకు బండ్లలో ఉంది, ఎండ పడుతోంది. ఒకాయన అన్నాడు, "నా చీటీ మీద నంబరున్నదయ్యా, ఆమె దగ్గర లేదు. కట్టుబాటు మీరే పెడితిరి." నంబరు లేని బండిని లోపలికి పంపితే గేటు దగ్గర మళ్లీ పాత కొట్లాటలే అని మేనేజర్ భయపడ్డాడు. మూడు రోజులు ఆమె ట్రాక్టర్ల పక్కనే కూర్చుంది. నేను భోజనానికి అటువైపు పోవడం మానేసి, వెనక గుమ్మం గుండా పోయేదాన్ని. మూడో రోజు సాయంత్రం ఎవరో ఒకాయన మెత్తబడి తన వంతు ఇచ్చాడు. చెరుకు కాంటా దాకా పోయింది. కాంటా దగ్గర రసం పరీక్ష చేసి, పనికిరాదని తిప్పి పంపారు. ఆ రెండు ట్రాక్టర్లు ఆఫీసు కిటికీ ముందు నుంచే వెనక్కి పోయాయి. వెనక ట్రాక్టర్ పక్కన ఆమె నడుస్తూ పోయింది. నా వైపు చూడలేదు. నేనెవరో ఆమెకు తెలియదు.

మర్నాడు మేనేజర్ తన గదికి మా ఇద్దర్నీ పిలిచాడు. సారు చంకలో రిజిస్టర్ ఉంది. ఎప్పుడూ ఉండేదే, కానీ ఆ రోజు నాకు అది తప్ప ఇంకేమీ కనిపించలేదు. నలభై ఏడో ఆకు. దాని మీద నా సంతకం.

"పదో నంబర్లు ఎందుకు పెట్టలేదు? ఎవరు తీసేశారు?" అన్నాడు మేనేజర్.

నేను ముందు మాట్లాడాను. ఎవరూ నన్ను అడక్కముందే.

"నాకెవ్వలు చెప్పలే సార్. చెప్తే ఇడిసిపెడుదును. ఒక్క నిమిషం పని."

ఆ గొంతు ఎంత మామూలుగా వచ్చిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. వణకలేదు. ఉద్యోగం పోతుందని భయం ఉంది, నిజమే. ఇంటికి నా జీతమే ఆధారం. కానీ భయం కంటే ముందు ఉన్నది వేరు. తెలివైనదాన్నని పేరొచ్చింది, అది పోతుందని. దానికోసం ఒక ముసలాయన్ని ముందుకు తోశాను.

మేనేజర్ సారు వైపు తిరిగాడు. "నువ్వు చెప్పలేదా?"

సారు నన్ను చూశాడు. కోపంగా కాదు. నంబరు సరిగా పడిందా లేదా అని చీటీని ఎలా చూసేవాడో అలా చూశాడు.

"చెప్పిన్నో లేదో యాదికొస్తలేదు సార్."

"రిజిస్టర్లో రాయలేదా? చాయ్ తాగినా రాస్తవు గదా."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను నేను. ఆయన రిజిస్టర్‌ను చంకలోంచి తీసి, రెండు చేతులతో పట్టుకుని, తెరవకుండానే అన్నాడు.

"గిది రాయలే సార్."

ఆ వారమే ఆయన్ని చెరుకు ఆఫీసు నుంచి తీసి గేటు దగ్గర వేశారు. వచ్చే పోయే బండ్ల చీటీలు చూసే పని. రేకుల చిన్న గది, ఒక స్టూలు. నేను గేటులోంచే రోజూ లోపలికి పోవాలి కదా. "మంచిగున్నవా బిడ్డా" అని అడిగేవాడు. ఆఁ అని నడక పెంచేదాన్ని. మింగలేక కక్కలేక అంటారే, ఆ సీజనంతా నా బతుకు అదే.

ఇంతటితో ఆగినా బాగుండేది. తర్వాతి సీజన్ ముందు నేను సీక్ పక్కన ఆ చిన్న ముక్క చేర్చి, పదులన్నీ వదిలేసి అచ్చు కొట్టాను. పదుల జాబితా వేరుగా తీసి, అందంగా గీతలు గీసి, గోడకు అంటించాను. ఆ ఏడు కొత్తగా వచ్చిన మేనేజర్ చూసి మెచ్చుకున్నాడు. రైతుల మీటింగులో అందరి ముందు నిలబెట్టి, "ఇట్లా కాలిన చెరుకు కోసం ఖాళీలు పెట్టడం మా కంప్యూటర్ అమ్మాయి ఉపాయం" అన్నాడు. పాతవాళ్లు కొందరు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని నమస్కారం పెట్టాను. అణకువ అనుకుని ఉంటారు. సాయంత్రం గేటు దగ్గర సారు ఆపాడు. "పదులు మల్ల పెట్టినవట. శానా మంచి పని చేసినవ్ బిడ్డా," అన్నాడు. అందులో దెప్పిపొడుపేమైనా ఉందా అని బస్సులో నిజామాబాద్ దాకా వెతుక్కున్నాను. లేదు. ఉండుంటే తట్టుకునేదాన్ని.

ఆ తర్వాత ఏడాదికి ఆయన రిటైరై పోయాడు. వీడ్కోలు రోజు నేను సెలవు పెట్టాను.

మిల్లు ఇంకో మూడేళ్లు నడిచి, రెండు వేల సంవత్సరం దాటాక ఒక ఎండాకాలంలో మూతపడింది. ఆఫీసు కాగితాలన్నీ తూకానికి అమ్మేస్తామన్నారు. బీరువాలు తెరిచి ఏవైనా అవసరమైనవి ఉంటే తీసి పెట్టమని నాకే అప్పగించారు. నాకు ఒక్కటే అవసరం ఉంది. పాత రిజిస్టర్లు ఉన్న బీరువా ముందుకు పోయి, ఆ ఏడాదిది వెతికాను. నిజం చెప్తాను. పశ్చాత్తాపంతో వెతకలేదు. తూకానికి పోయాక ఏ కిరాణా కొట్లోనో పొట్లం కట్టిన కాగితం మీద నా సంతకం ఎవరికైనా కనపడుతుందేమోనని వెతికాను. ఎవడు చూస్తాడు, చూసి ఏం చేస్తాడు, ఏమీ లేదు. అయినా ఆ ఆకు చింపి చేతిలో నలిపేస్తే తప్ప నాకు నిద్ర పట్టదనిపించింది. అయిదేళ్లుగా అది నాకు తోడుగా ఉన్న భయం.

రిజిస్టర్ దొరికింది. ఆకులు తిప్పాను. నలభై నాలుగు, నలభై అయిదు, నలభై ఆరు. తర్వాత నలభై ఎనిమిది.

ముందుకు తిప్పాను, వెనక్కి తిప్పాను. కుట్టు దగ్గర స్కేలు పెట్టి చింపిన అంచు సన్నగా ఉంది. మొత్తం రిజిస్టర్ మొదటి ఆకు నుంచి చివరి దాకా చూశాను. ఇంకెక్కడా ఒక్క ఆకు తక్కువ లేదు. ముందేళ్లవీ చూశాను. ఎక్కడా లేదు. ఆ మనిషి తన బతుకులో లెక్క ఎక్కడా తప్పనిచ్చినవాడు కాడు. ఖాళీ అంటూ వదిలితే అది ఆపదలో ఉన్నవాళ్లకే వదిలేవాడు.

బీరువా ముందు నేల మీద కూర్చుండిపోయాను. తల కొట్టేసినట్టయింది. ఏడుపు రాలేదు, అంత మంచిదాన్ని కాను. ఒళ్లంతా వేడెక్కింది, అంతే.

ఆ తర్వాతి ఆదివారం డిచ్‌పల్లి పోయాను. మిషన్ ఆస్పత్రి దాటాక వాళ్ల ఇల్లు ఎవరో చూపించారు. అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నాడు, తెల్ల చొక్కా ఇంకా మార్చలేదు. బాగా చిక్కిపోయాడు, కుర్చీలో పక్కకు ఒరిగి కూర్చున్నాడు. నన్ను చూసి భార్యను కేకేశాడు, "నేను చెప్తుంటి గద, మా ఆఫీసు బిడ్డ, ఆమెనే" అని. ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. ఆమె వచ్చేలోపు చెప్పేయాలనుకున్నాను.

"సార్, మీరు చెప్పిండ్రు. రెండుసార్లు అడిగిండ్రు గూడ. నేనే ఇనలే. మేనేజర్ ముందట అబద్ధం చెప్పిన. మీ మీదికి తోసేసిన. ఆ ఆకు మీరు చింపిండ్రని మొన్ననే చూసిన."

ఇంత చెప్పి, ఎదురుచూశాను. క్షమిస్తాడని అనుకున్నానో, తిడతాడని అనుకున్నానో. రెండింట్లో ఏదైనా తీసుకుని ఇంటికి పోదామని వచ్చాను. ఆయన అరచేతిలో కాయ ఉన్నచోట బొటనవేలితో రుద్దుకున్నాడు.

"నీ నౌకరి కొత్తది. నాది ఒడిసెతందుకు వచ్చె. గంతే బిడ్డా," అన్నాడు. తర్వాత, "ఆమె మల్ల చెరుకు ఏసిందా?" అని అడిగాడు.

"ఎవలు సార్?"

నోట్లోంచి వచ్చేసింది. వెనక్కి తీసుకోలేను. ఆయన తలెత్తి నన్ను చూశాడు. ఆనాడు మేనేజర్ గదిలో చూసినట్టు కాదు. మొదటిసారి ఆ కళ్లల్లో నా మీద బాధ కనిపించింది.

"చేను కాలినామె," అన్నాడు.

అయిదేళ్లలో నేను ఆ ఆకు గురించి ఆలోచించని రోజు లేదు. ఆయన గురించి, నా పేరు గురించి ఆలోచించాను. మెట్ల మీద మసి చేతులతో కూర్చున్న ఆ మనిషి గురించి ఒక్కరోజు కూడా ఎవర్నీ అడగలేదు. ఆమె ఊరు రోజూ నేను దిగే స్టాపుకు ఎనిమిది కిలోమీటర్లు.

"తెల్వది సార్," అన్నాను.

చాయ్ వచ్చింది. తాగాను.